చెప్పిన పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించేవారికి భద్రతా రంగ ఉద్యోగాలు: తిరుపతి, చిత్తూరు జిల్లాల వారికి ఒక మార్గదర్శి

"మావాడు చెప్పింది చెప్పినట్టు చేస్తాడు గానీ, సొంతంగా ఏదీ తోచదు" అని కొందరు తల్లిదండ్రులు నలుగురిలో అంటుంటారు. ఇంటర్వ్యూల్లోనూ కొత్త ఆలోచనలు, సృజనాత్మకత అన్న మాటలే ఎక్కువగా వినిపిస్తాయి కాబట్టి, రాసిపెట్టిన పద్ధతి ప్రకారం పనిచేయడానికి ఇష్టపడే యువతీయువకులు తమలో ఏదో తక్కువైందని అనుకుంటారు. అయితే విద్యుత్తు, రైల్వే, అగ్నిమాపక సేవ, కర్మాగారాలు, ఆసుపత్రులు, ఆహార పరిశ్రమ వంటి చోట్ల ప్రాణాలను కాపాడే ఉద్యోగాలకు సరిగ్గా ఇటువంటి స్వభావమే కావాలి. మన రెండు జిల్లాల్లో ఆ ఉద్యోగాలు ఎక్కడున్నాయో, వాటికి ఎలా సిద్ధపడాలో, చేరే ముందు ఏమేం చూసుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాం.

ఆ క్షణంలో తోచినది ఎందుకు పనికిరాదు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమల్లో ఆవిరి కోసం బాయిలర్లు నడుస్తాయి. బాయిలర్‌లో నీటి మట్టం ఎంత ఉందో చూపడానికి ఒక గాజు గొట్టం బిగించి ఉంటుంది. ఆ గొట్టంలో నీరు కనిపించడం మానేస్తే, పక్కనున్న ఎవరికైనా వెంటనే తోచేది పంపు వేసి నీళ్లు పట్టాలని. చేయకూడనిది కూడా అదే. నీరు తగ్గి ఎర్రగా కాలిన లోహం మీద చల్లటి నీరు పడితే అది ఒక్కసారిగా ఆవిరై బాయిలర్ పేలిపోవచ్చు. అందుకే నీటి మట్టం కనిపించకుండా పోయినప్పుడు ముందు మంట ఆపాలని, నీరు పట్టకూడదని, బాయిలర్‌ను మెల్లగా చల్లారనివ్వాలని నిబంధన చెబుతుంది. మురుగు ట్యాంకుల్లో జరిగే మరణాలదీ ఇదే తీరు. లోపలికి దిగిన మనిషి పడిపోయాడని చూసి ఇంకొకరు, ఆయన వెనుక మరొకరు దూకుతారు. విషవాయువుకు, ఆమ్లజని లేమికి వరుసగా బలవుతారు. కాపాడాలన్న తొందరలో దూకినవారిని తెలివితక్కువవారని అనలేము. ఆ క్షణంలో ఆలోచించే వ్యవధి ఎవరికీ ఉండదు. ఆ వ్యవధి ఉన్నవారు, గతంలో జరిగిన ప్రమాదాలను కూర్చొని విచారించినవారు, తీరికగా రాసిపెట్టినదే పద్ధతి.

కాబట్టి ఈ ఉద్యోగాలకు కావలసింది ఊరికే తలవంచే గుణం అనుకోవడం పొరపాటు. పై అధికారి తొందరపెట్టినా, తోటివారు నవ్వినా, నిన్నటిదాకా ఏమీ కాలేదన్న ధీమా ఉన్నా, రాసినదాన్ని వదలకుండా ఉండగల నిబ్బరం కావాలి. ఆ నిబ్బరం మెత్తగా కనిపించే మనుషుల్లో చాలామందికి ఉంటుంది.

ముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడం

దరఖాస్తులు నింపే ముందు కొన్ని ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి. ఇల్లు వదిలి ఊరెళ్లేటప్పుడు గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, చేత్తో ముట్టి చూసి గానీ బయలుదేరని మనిషా మీరు? ఒకే పనిని రాత్రి రెండు గంటలకు, పదోసారి కూడా మొదటిసారి చేసినంత శ్రద్ధగా చేయగలరా? మీకంటే వయసులోనూ హోదాలోనూ పెద్దవారు "ఈ ఒక్కసారికీ వదిలేయప్పా" అంటే, గొంతు పెంచకుండా కుదరదని చెప్పగలరా? చివరి ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. పద్ధతి అంటే ఇష్టం ఉండి కాదనడానికి మొహమాటపడేవారు ఈ రంగంలో రాణించడం కష్టం, ఎందుకంటే ఒత్తిడికి లొంగి పెట్టిన ఒక్క సంతకం ప్రమాదం జరిగాక మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇంకో తేడా కూడా గమనించాలి. నిర్ణయం తీసుకోవడానికి భయపడి నియమం వెనక దాక్కోవడం వేరు, నియమాన్ని అర్థం చేసుకొని పాటించడం వేరు. మొదటి రకం వారు నిబంధనల పుస్తకంలో లేని పరిస్థితి ఎదురైతే కొయ్యబారిపోతారు. రెండో రకం వారు పని ఆపి, పై వారికి చెప్పి, జవాబు వచ్చేదాకా ఆగుతారు. తెలియనప్పుడు ఆపడం అనేది కూడా ఒక నిబంధనేనని గుర్తుంటే చాలు.

విద్యుత్తు: ఎల్‌సీ పట్ల గౌరవం ఉన్నవారికి

రాష్ట్ర దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటర్, లైన్‌మన్, సచివాలయాల్లోని ఎనర్జీ అసిస్టెంట్ వంటి ఉద్యోగాలకు ఎలక్ట్రీషియన్ లేదా వైర్‌మన్ ట్రేడులో ఐటీఐ చదివినవారు అర్హులు. జూనియర్ లైన్‌మన్ ఎంపికలో స్తంభం ఎక్కడం, మీటరు రీడింగు తీయడం, సైకిలు తొక్కడం వంటివి పరీక్షిస్తారు కాబట్టి చదువుతో పాటు ఒంటికీ సాధన కావాలి.

ఈ పనిలో పద్ధతికి ఉన్న విలువ ఎల్‌సీ (లైన్ క్లియర్), అంటే లైనులో కరెంటు ఆపి పని చేసుకోవడానికి సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి దగ్గర కనిపిస్తుంది. లైను మీద పని చేయాల్సిన వ్యక్తి ముందుగా సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి, తన పేరు, ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే లైను) పేరు, ఎక్కడ ఏ పని చేయబోతున్నదీ చెప్పి లైన్ క్లియర్ అడుగుతారు. ఆపరేటర్ ఆ ఫీడరు బ్రేకర్‌ను తీసి, పొరపాటున ఎవరూ వేయకుండా హెచ్చరిక పలక తగిలించి, పుస్తకంలో సమయంతో సహా రాసి, ఎల్‌సీ ఇచ్చినట్టు చెబుతారు. అక్కడితో పని సగమే అయింది. స్తంభం దగ్గర లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, దాని మూడు బ్లేడ్లూ నిజంగా విడిపోయాయో లేదో కింద నుంచి కళ్లతో చూసి, తాళం వేసి, కరెంటు లేదని టెస్టర్‌తో నిర్ధారించుకొని, పని చేసే చోటుకు రెండు వైపులా లైనును భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తగిలించాకే ఎక్కాలి. రెండు వైపులా ఎందుకంటే, బ్రేకర్ తీసిన లైనులోకి కూడా ఎవరింట్లోని జనరేటర్ నుంచో, ఇన్వర్టర్ నుంచో కరెంటు వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది.

పని ముగిశాక ఎల్‌సీని తీసుకున్న వ్యక్తే తిరిగి ఇవ్వాలి. ఒకే ఫీడరు మీద రెండు బృందాలు వేర్వేరుగా ఎల్‌సీ తీసుకుంటే, ఇద్దరూ తిరిగి ఇచ్చేదాకా ఆపరేటర్ లైను వేయకూడదు. "ఆయన దిగేసి ఉంటాడు లెండి, వేసేయండి" అని ఎవరు చెప్పినా వినకూడదు. వర్షాకాలం రాత్రి ఊరంతా చీకట్లో ఉండి, ఫోను ఆగకుండా మోగుతూ, సర్పంచి నుంచి పై అధికారి దాకా అందరూ కరెంటు ఎప్పుడని అడుగుతున్న వేళ, పుస్తకంలో రెండో ఎల్‌సీ ఇంకా తెరిచే ఉందని చూసి ఆగగలిగినవారే ఆ కుర్చీకి తగినవారు.

రైల్వే: ప్రైవేట్ నంబరు ఇచ్చేవారు, పుచ్చుకునేవారు

రేణిగుంట, పాకాల, గూడూరు జంక్షన్లు, తిరుపతిలోని క్యారేజ్ రిపేర్ షాప్ ఉన్న ప్రాంతం కావడంతో రైల్వే ఉద్యోగాల గురించి ఇక్కడి వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. వాటిలో భద్రతతో నేరుగా ముడిపడినవి స్టేషన్ మాస్టర్, అసిస్టెంట్ లోకో పైలట్, ట్రైన్ మేనేజర్ (గార్డు), పాయింట్స్‌మన్, ట్రాక్ మెయింటెయినర్, సిగ్నల్ విభాగపు ఉద్యోగాలు.

పద్ధతి అంటే ఏమిటో చూడాలనుకుంటే, స్టేషన్‌కూ లెవెల్ క్రాసింగ్ గేటుకూ మధ్య జరిగే ఫోను సంభాషణ వినాలి. ఇంటర్‌లాకింగ్ లేని, అంటే సిగ్నల్‌తో ముడిపడని గేటు విషయంలో, బండిని పంపే ముందు స్టేషన్ మాస్టర్ గేట్‌మన్‌కు ఫోను చేసి బండి నంబరు చెప్పి గేటు మూయమంటారు. గేట్‌మన్ గేటు మూసి, తాళం వేసి, తన దగ్గరున్న కాగితంలోని తరువాతి ప్రైవేట్ నంబరును చెబుతారు. ఆ నంబరు ముందుగా ఎవరూ ఊహించలేనిది, ఒకసారి చెప్పాక కొట్టివేయవలసినది. స్టేషన్ మాస్టర్ దాన్ని తన పుస్తకంలో బండి నంబరు పక్కన రాసుకుంటారు. "గేటు వేసేశాను సార్" అన్న నోటిమాట చాలదు; నంబరు రాకపోతే గేటు మూసినట్టు లెక్క కాదు. ఇరవై ఏళ్లుగా ఒకరి గొంతు ఒకరికి తెలిసినవారి మధ్య కూడా ఇదే తంతు నడుస్తుంది, నడవాలి. కొత్తగా చేరినవారికి ఇది అపనమ్మకంలా తోస్తుంది. నిజానికి గాఢమైన స్నేహం ఉన్నచోటే నోటిమాట మీద పని జరిగిపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి, నంబరు అవసరం అక్కడే ఎక్కువ.

అర్హతల విషయానికి వస్తే, స్టేషన్ మాస్టర్‌కు డిగ్రీ, అసిస్టెంట్ లోకో పైలట్‌కు పదో తరగతితో పాటు నిర్ణీత ట్రేడులో ఐటీఐ లేదా ఇంజినీరింగ్ డిప్లొమా, పాయింట్స్‌మన్, ట్రాక్ మెయింటెయినర్ వంటి లెవెల్ 1 పోస్టులకు పదో తరగతి లేదా ఐటీఐ ఉండాలి. రాత పరీక్ష దాటాక లోకో పైలట్, స్టేషన్ మాస్టర్ పోస్టులకు కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్ పరీక్ష పెడతారు. అందులోని ప్రతి భాగంలోనూ కనీసం 42 టీ-స్కోరు (అందరి మార్కులతో పోల్చి లెక్కగట్టే స్కోరు) రావాలి, ఏ వర్గానికీ దీంట్లో సడలింపు లేదు. జ్ఞాపకశక్తి, సూచనలను పాటించడం, ఒకేలా కనిపించే వాటిలో తేడాను పట్టుకోవడం వంటివాటిని అందులో చూస్తారు కాబట్టి పద్ధతి మనిషికి అది అనుకూలమైన పరీక్షే.

కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు కంటి పరీక్ష చేయించుకోండి. లోకో పైలట్‌కు కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు, స్టేషన్ మాస్టర్‌కు కళ్లద్దాలు లేకుండా 6/9 చూపు కావాలి. రంగులను గుర్తించడంలో లోపం ఉండకూడదు. రంగుల లోపం ఉన్న సంగతి చాలామందికి వైద్యపరీక్ష నాటిదాకా తెలియదు. రెండేళ్ల చదువు ఆ రోజు వృథా కావడం కంటే, తిరుపతిలో ఏ కంటి ఆసుపత్రిలోనైనా కొద్ది నిమిషాల్లో అయ్యే పరీక్షను ముందే చేయించుకోవడం మేలు.

అగ్నిమాపక సేవ, విమానాశ్రయం, షార్

రాష్ట్ర అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్ పోస్టులను పోలీసు నియామక మండలి ద్వారా భర్తీ చేస్తారు, కాబట్టి కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమవుతున్నవారు దీన్ని కూడా దృష్టిలో పెట్టుకోవచ్చు. రేణిగుంట విమానాశ్రయంలో విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు సొంత అగ్నిమాపక కేంద్రం ఉంది. రన్‌వే మీద ఎక్కడ ప్రమాదం జరిగినా మొదటి వాహనం మూడు నిమిషాల్లోపు చేరాలన్నది అంతర్జాతీయ నియమం. అంటే ఏళ్ల తరబడి ఏమీ జరగకపోయినా ప్రతి రోజూ ఆ మూడు నిమిషాలకు సిద్ధంగా ఉండాలి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం (షార్)లో రాకెట్ల ఘన ఇంధనాన్ని తయారుచేసే కర్మాగారం ఉంది కాబట్టి ఐటీఐ చదివిన టెక్నీషియన్లకు, ఫైర్‌మన్లకు అక్కడ పడే నోటిఫికేషన్లను గమనిస్తూ ఉండాలి. పద్ధతి పాటించడం అనే గుణానికి దేశంలో ఇంతకంటే విలువ ఇచ్చే చోట్లు తక్కువే.

కర్మాగారాలు: శ్రీసిటీ నుంచి కరకంబాడి దాకా

ప్రైవేటు రంగంలో ఎక్కువ అవకాశాలు శ్రీసిటీ, కరకంబాడి, రేణిగుంట పరిసరాల్లోని కర్మాగారాల్లో ఉంటాయి. వాహనాలు, ఏసీలు, రైలు పెట్టెలు, బ్యాటరీలు, చాక్లెట్లు, టూత్‌పేస్టు దాకా ఇక్కడ తయారవుతున్నాయి. సేఫ్టీ స్టివార్డు, పర్మిట్ పరిశీలకుడు, ఫైర్ అండ్ సేఫ్టీ టెక్నీషియన్, సేఫ్టీ సూపర్‌వైజర్, ఆపైన సేఫ్టీ ఆఫీసర్ అనే వరుసలో ఉద్యోగాలు ఉంటాయి. 1948 నాటి కర్మాగారాల చట్టం ప్రకారం 1,000 మంది, అంతకు మించి కార్మికులున్నచోట సేఫ్టీ ఆఫీసర్ ఉండి తీరాలన్న నియమం ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను 500కు, ప్రమాదకర ప్రక్రియలు ఉన్నచోట 250కి తగ్గించింది. ఈ మార్పు వల్ల మధ్యస్థాయి కర్మాగారాలకు కూడా సేఫ్టీ ఆఫీసర్లు కావలసి వస్తారు.

సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే డిగ్రీ లేదా డిప్లొమాతో పాటు కర్మాగారంలో కొన్నేళ్ల అనుభవం, గుర్తింపు ఉన్న పారిశ్రామిక భద్రతా డిప్లొమా అవసరమవుతాయి. మనకు దగ్గరలో చెన్నైలోని ప్రాంతీయ శ్రామిక సంస్థ ఈ విషయంలో ఏడాది కాలపు అడ్వాన్స్‌డ్ డిప్లొమా నడుపుతోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి దాని సర్టిఫికెట్‌కు విలువ ఎక్కువ. ఊరూరా వెలసిన మూడు నెలల సేఫ్టీ కోర్సుల్లో కొన్నింటికి ఏ గుర్తింపూ ఉండదు. డబ్బు కట్టే ముందు ఆ కోర్సును రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి గుర్తించిందా అని రాతపూర్వకంగా అడగండి. వాళ్లు గోడ మీద విదేశీ జెండాల బొమ్మలు చూపిస్తే లేచి వచ్చేయండి. ఇంకో సంగతి, సేఫ్టీ సిబ్బందికి కార్మికుల భాష రావాలి. శ్రీసిటీలో తెలుగుతో పాటు తమిళం మాట్లాడగలిగిన సత్యవేడు, నగరి ప్రాంతాల వారికి ఈ విషయంలో సహజంగానే ఒక అనుకూలత ఉంది.

ఇక్కడి పనికి గుండెకాయ పర్మిట్, అంటే ప్రమాదం ఉన్న పనికి ముందుగా తీసుకునే రాతపూర్వక అనుమతి. వెల్డింగ్ చేయాలన్నా, రెండు మీటర్లకు మించిన ఎత్తులో పని చేయాలన్నా, ట్యాంకులోకి దిగాలన్నా పర్మిట్ కాగితం ఉండాలి. ట్యాంకు విషయంలో లోపలి గాలిలో ఆమ్లజని 19.5 శాతానికి తగ్గకుండా, 23.5 శాతానికి మించకుండా ఉందని మీటరుతో కొలిచి, అంకెలు రాసి, బయట ఒక మనిషిని కాపలా ఉంచాకే లోపలికి పంపాలి. ఆ కాపలా మనిషి పని ఒక్కటే, అక్కడి నుంచి కదలకుండా ఉండటం. లోపలి వ్యక్తి పడిపోయినా తాను దిగకూడదు. అలారం కొట్టి, శ్వాస పరికరాలున్న రక్షణ బృందాన్ని పిలవాలి. వెల్డింగ్ పర్మిట్‌లో పని ముగిశాక కూడా అరగంట నుంచి గంట దాకా నిప్పురవ్వల కోసం కాచుకొని చూడాలని ఉంటుంది. షిఫ్టు దిగిపోయే వేళకు ఇది అందరికీ బరువుగా తోచే నియమం.

పర్మిట్ ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకు సరిగా చేతులు మారకపోతే ఏమవుతుందో 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద ప్రపంచం చూసింది. ఒక పంపుకు సంబంధించిన భద్రతా వాల్వ్‌ను మరమ్మతు కోసం పగలు విప్పి, ఆ గొట్టాన్ని తాత్కాలిక మూతతో మూశారు. ఆ సంగతి రాసిన కాగితం రాత్రి షిఫ్టు వారి దృష్టికి రాలేదు. రెండో పంపు ఆగిపోవడంతో వారు మొదటి పంపును నడిపారు. లీకైన వాయువు అంటుకొని 167 మంది మరణించారు. షిఫ్టు దిగేటప్పుడు తెరిచి ఉన్న ప్రతి పర్మిట్‌ను కొత్తగా వచ్చినవారితో కలిసి చదివి, వీలైతే ఆ చోటుకు నడిచి వెళ్లి చూపించడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

బాయిలర్, పాలు, మామిడి గుజ్జు

బాయిలర్ అటెండెంట్ పనికి రాష్ట్ర బాయిలర్ల శాఖ పరీక్ష నెగ్గి సర్టిఫికెట్ పొందాలి. రెండో తరగతితో మొదలుపెట్టి అనుభవంతో మొదటి తరగతికి వెళ్లవచ్చు. ప్రతి షిఫ్టులోనూ గాజు గొట్టం కింది వాల్వ్ తెరిచి నీరు పడిపోవడం, మూశాక తిరిగి పైకి రావడం చూడాలి, లేకపోతే గొట్టంలో మట్టి అడ్డుపడి పాత మట్టమే కనిపిస్తూ ఉంటుంది. మన జిల్లాలో గుజ్జు పరిశ్రమ తోతాపురి కాయ వచ్చే నెలల్లోనే ముమ్మరంగా నడుస్తుంది కాబట్టి, ఏడాది పొడవునా పని కావాలంటే పాల డెయిరీలు, ఔషధ పరిశ్రమల వైపు చూడాలి.

ఆహార భద్రతలో డెయిరీ పని పద్ధతి మనిషికి ఎంతో నచ్చుతుంది. పాలను 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు ఉంచాలన్నది సాధారణ ప్రమాణం. వేడి ఒక్క డిగ్రీ తగ్గినా ఆ పాలు వెనక్కి మళ్లేలా వాల్వ్ ఉంటుంది. ఆ వాల్వ్ పనిచేస్తోందో లేదో ప్రతిరోజూ చూసి రాయడమే అక్కడి మనిషి ఉద్యోగం. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఫోస్టాక్ పేరుతో సూపర్‌వైజర్లకు చిన్న శిక్షణలు ఇప్పిస్తోంది. లక్షలాది భక్తులకు వంట జరిగే ఊళ్లో, హోటళ్లలోనూ అన్నప్రసాద వంటశాలల్లోనూ ఈ శిక్షణ పొందినవారికి పని దొరుకుతుంది.

ఆసుపత్రుల్లో తెర వెనుక పనులు

స్విమ్స్, రుయా, చిత్తూరులోని సీఎంసీ వంటి ఆసుపత్రులనగానే డాక్టర్లు, నర్సులే గుర్తుకొస్తారు గానీ, పద్ధతి మీద నడిచే ఉద్యోగాలు తెర వెనుక ఇంకా ఉన్నాయి. శస్త్రచికిత్స పరికరాలను శుద్ధి చేసే విభాగంలో ప్రతి ఉదయం మొదటి లోడుకు ముందు ఆటోక్లేవ్ (ఆవిరితో శుద్ధి చేసే యంత్రం)లో గాలి పూర్తిగా బయటకు పోయిందో లేదో చూసే బోవీ డిక్ పరీక్ష చేస్తారు. లోపల పెట్టిన పరీక్ష కాగితం అంతా ఒకే రంగులోకి మారాలి. మధ్యలో ఎక్కడైనా లేత మచ్చ మిగిలితే ఆ యంత్రాన్ని వాడకూడదు, ఆపరేషన్ థియేటర్ నుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా సరే. రేడియోగ్రాఫర్లు ఛాతీ దగ్గర, సీసపు ఆప్రాన్ లోపల, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకోవాలి. దాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు, ఎక్స్‌రే గదిలో వదిలి రాకూడదు. రక్తనిధిలో ఎర్ర రక్తకణాలను 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచాలి, ప్లేట్‌లెట్లను 20 నుంచి 24 డిగ్రీల వద్ద కదుపుతూ ఉంచాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సలకు 19 అంశాల చెక్‌లిస్ట్ తెచ్చింది. ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో దాన్ని పాటించి చూసినప్పుడు, 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అందులో కొత్త వైద్యం ఏమీ లేదు. రోగి పేరు, కోయవలసిన చోటు, దూది లెక్క వంటి అందరికీ తెలిసినవే గట్టిగా చదవాలి. ఆ కాగితం చదివే నర్సు లేదా టెక్నీషియన్, గదిలోని పెద్ద సర్జన్‌ను సైతం ఒక్క నిమిషం ఆపగలగాలి.

దరఖాస్తు, ఇంటర్వ్యూ

బయోడేటాలో 'కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను' అని రాస్తే ఎవరూ చదవరు. మీరు ఏ రిజిస్టరు నిర్వహించారో, ఏ పరికరాన్ని ఏ నిబంధన ప్రకారం తనిఖీ చేశారో, అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు ఏ పర్మిట్లు చూశారో రాయండి. ఎన్‌సీసీ, ప్రథమ చికిత్స శిక్షణ, భారీ వాహనాల డ్రైవింగ్ లైసెన్సు ఉంటే తప్పక రాయండి. అగ్నిమాపక ఉద్యోగాలకు చివరిది బాగా ఉపయోగపడుతుంది.

ఇంటర్వ్యూలో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఉత్పత్తి ఆగిపోతోంది, మేనేజరు పని మొదలుపెట్టమంటున్నారు, పర్మిట్‌లో ఒక సంతకం లేదు, మీరేం చేస్తారు? "మేనేజరు మాట వింటాను" అన్నా, "వారితో వాదిస్తాను" అన్నా మార్కులు పోతాయి. పని మొదలుపెట్టను, లేని సంతకం ఎవరిదో వారిని వెంటనే పిలిపిస్తాను, ఆలస్యానికి కారణాన్ని రిజిస్టరులో రాస్తాను అని చెప్పండి. మీ గురించి చెప్పమన్నప్పుడు సృజనాత్మకత లేదని క్షమాపణ చెప్పుకోవలసిన పనిలేదు. ఒకే పనిని ఒకే తీరులో చేయడం తనకు ఇష్టమని, తేడా వస్తే తనకు ఇట్టే కనిపిస్తుందని నిమ్మళంగా చెప్పిన అభ్యర్థిని తెలిసిన సేఫ్టీ మేనేజరు వదులుకోరు.

మీరు కూడా వారిని పరీక్షించండి

పద్ధతి అంటే గౌరవం లేని చోట పద్ధతి మనిషి నలిగిపోతాడు కాబట్టి, చేరే ముందు ఆ సంస్థను గమనించాలి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు గోడకున్న అగ్నిమాపక సిలిండర్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ముల్లు పచ్చ గీతలో ఉందా, సీలు తెగలేదా, దానికి వేలాడే కార్డులో ప్రతి నెలా తనిఖీ సంతకం ఉందా చూడండి. పన్నెండు నెలల సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే రోజు కూర్చొని పెట్టినట్టు కనిపిస్తే అక్కడి మిగతా కాగితాలూ అలాంటివే అనుకోవచ్చు. అత్యవసర ద్వారానికి తాళం ఉందా, దాని ముందు అట్టపెట్టెలు పేర్చారా, లోపలికి తీసుకెళ్లేటప్పుడు మీకు హెల్మెట్ ఇచ్చారా, ప్రమాదం జరిగితే ఎక్కడ గుమిగూడాలో చెప్పారా అన్నవి కూడా చూడండి. గత ఏడాది ప్రమాదం తృటిలో తప్పిన సందర్భాలు ఎన్ని నమోదయ్యాయని అడగండి. "మా దగ్గర ఒక్కటీ లేదు" అని గర్వంగా చెబితే, అక్కడ ఎవరూ రాయడం లేదని అర్థం.

కాంట్రాక్టు ఏజెన్సీ ద్వారా చేరేవారు ఈఎస్‌ఐ, పీఎఫ్ నంబర్లు మొదటి నెలలోనే అడిగి తీసుకోవాలి. జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది, తిరుపతిలో ఈఎస్‌ఐ ఆసుపత్రి కూడా ఉంది. రైల్వేలోనో, తిరుమల తిరుపతి దేవస్థానంలోనో ఉద్యోగం వేయిస్తానని డబ్బు అడిగేవారు మన ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. దళారులను నమ్మవద్దని దేవస్థానమే పలుమార్లు ప్రకటించింది. రైల్వే నియామకాలు మండలి పరీక్షల ద్వారానే జరుగుతాయి. నిబంధనలను ఇష్టపడతామని చెప్పుకునేవారు ఉద్యోగాన్ని అడ్డదారిలో వెతకడం ఏ రకంగానూ పొసగదు.

చేరిన తర్వాత మొదటి నెలలు

మొదట మీ పనికి సంబంధించిన పద్ధతి పత్రాలను అడిగి తీసుకొని, ప్రతి మెట్టు పక్కన అది ఎందుకుందో రాసుకోండి. జవాబు దొరకని మెట్లను పాతవారిని అడగండి. వారిలో కొందరు "ఎప్పట్నుంచో అంతే" అంటారు, కొందరు మాత్రం ఫలానా ఏడాది జరిగిన ప్రమాదాన్ని చెబుతారు. ఆ రెండో రకం మనిషిని వదలకండి. కారణం తెలిసిన నియమాన్ని రాత్రి షిఫ్టులో కూడా మరచిపోరు.

లాగ్‌బుక్‌లో చూసిన అంకెనే రాయండి, రావలసిన అంకెను కాదు. ప్రతి గంటకూ తీయవలసిన రీడింగును షిఫ్టు చివర్లో ఒక్కసారిగా నింపే అలవాటు పద్ధతిని ఇష్టపడేవారిలోనూ మెల్లగా చేరుతుంది, ఎందుకంటే గళ్లన్నీ నిండి ఉంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. తనిఖీ చేయలేకపోయిన గడిని ఖాళీగా వదిలి, పక్కన కారణం రాయడం సరైన పని. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి సంతకం చేయాలి, వైట్నర్ పూయకూడదు. అలారం మోగించాల్సి వస్తే అనుమతి కోసం ఎదురుచూడకండి. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ వాయువు లీకైనప్పుడు ప్రజలను హెచ్చరించాల్సిన సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ తేల్చింది.

కొన్నాళ్లకు ఏదో ఒక నియమం తప్పని మీకే అనిపిస్తుంది. యంత్రం మారి ఉంటుంది, వాల్వ్ ఇంకో చోటికి జరిగి ఉంటుంది, పత్రంలో మాత్రం పాత బొమ్మే ఉంటుంది. అప్పుడు మీకు సరైనదని తోచినట్టు చేసి ఊరుకోకండి, తప్పని తెలిసీ గుడ్డిగా పాటించకండి. పని ఆపి, పత్రం నంబరు, మెట్టు నంబరు, అక్కడ నిజంగా ఉన్నదేమిటో ఒక కాగితం మీద రాసి, మీ సూపర్‌వైజర్‌కు ఇచ్చి, ఒక ప్రతి మీ దగ్గర పెట్టుకోండి. ఆ మార్పును ఇంజినీరింగ్, భద్రతా విభాగాలు రెండూ చూసి, కొత్త తేదీతో సవరించిన ప్రతిని విడుదల చేసేదాకా ఆ పనికి ప్రత్యేక అనుమతి అడగండి. కొత్త ప్రతి వచ్చిన రోజునే యంత్రం పక్కన, కంట్రోల్ రూములో, సూపర్‌వైజర్ సొరుగులో ఉన్న పాత ప్రతులన్నింటినీ తీసి రద్దు ముద్ర వేయించాలి, రాత్రి షిఫ్టు వారికి ఆ సంగతి చెప్పి సంతకం తీసుకోవాలి.